మా ఆవిడ ముక్కూ, మేడ మీది గంధరాజమూ

మా మేడ మీద గంధరాజం పూసిందంటే ఆ వాసన రైల్వే గేటు దాకా వెళ్తుందనీ, గేటు పడి ఆగిపోయిన లారీ డ్రైవర్లు కిందికి దిగి ముక్కులు పైకెత్తి ఎక్కడా ఎక్కడా అని వెతుక్కుంటారనీ కంచరపాలెంలో చాలామందికి చెప్పాను. అంత లేదు. మెట్లు సగం దిగేసరికే ఆ వాసన ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందంతా పకోడీల బండి నూనెదే రాజ్యం. అసలు ఆ మొక్కను పెంచింది డ్రైవర్ల కోసమూ కాదు, వీధి కోసమూ కాదు. మా ఆవిడకి పోయిన వాసన తిరిగి తెప్పించడానికి.

ఆ పెద్ద జబ్బు కాలంలో మా ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. నేను చావు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి, నచ్చక వెనక్కి వచ్చేశానని చెబుతుంటాను. నిజానికి కొన్నాళ్లు మంచం మీద పడుకుని చారన్నం తిన్నాను, అంతే. ఆ చారు కాచింది కూడా జ్వరంతో ఉన్న మా ఆవిడే. నాకు పోయిన వాసనా రుచీ త్వరగానే వచ్చేశాయి. ఆవిడకి రాలేదు. రాలేదని ఆవిడ చెప్పలేదు, నేను కనిపెట్టలేదు. జాలరిపేట నుంచి మా వీధికి చేపల గంప తెచ్చే ఆవిడ కనిపెట్టింది.

వాళ్లిద్దరికీ మా గుమ్మంలో ఏళ్ల తరబడి ఒకటే యుద్ధం. మా ఆవిడ చేప మొప్ప ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని నిన్నటి సరుకు అంటుంది. చేపలావిడ సముద్రం మీద ఒట్టు పెడుతుంది. మా ఆవిడ ఇంకో చేప ఎత్తుతుంది. ఇద్దరికీ గొంతులు బొంగురుపోయాక బేరం కుదురుతుంది. ఆ రోజు మాత్రం మా ఆవిడ గంపలో చెయ్యి పెట్టి, తగిలినవి తగిలినట్టు తీసి గిన్నెలో వేసుకుంది.

“ఏటమ్మా, వాసన సూణ్ణేదేటి?” అంది చేపలావిడ.

“బాగానే ఉన్నాయిలే.”

“ఏటి బాగున్నాయి? ఆ అడుగువి పిల్లులకేద్దారని ఏరెట్టినాను. ఈదిలో ఎల్లీవోళ్లు ముక్కులు మూసుకుంటన్నారు. నీకేటైనాది తల్లీ?”

మా ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లబోయింది. చేపలావిడ బేరం వదిలేసి, అరుగు మీద పేపరు చదువుకుంటున్న నా వైపు తిరిగింది.

“బావూ, ఆయమ్మకి వాసన తెలుత్తన్నట్టు నేదు. నీకు తెల్దేటి? ఒకే ఇంట్లో ఉంటన్నారు కదా!”

నాకు తెలియదు. పేపరు చేతిలోంచి జారిపోయింది. పోపు మాడిన రోజులున్నాయి, విరిగిన పాలతో టీ పెట్టిన రోజు కూడా ఉంది. వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను. అదీ ఆవిడకే, నాకు కాదు. పక్కనే తిరుగుతున్న మనిషిలోంచి అంత పెద్దది ఒకటి వెళ్లిపోతే, చేపలు అమ్ముకునే ఆవిడ వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదని ఆ పూట అన్నం సయించలేదు.

వేరే ఎవరికైనా వాసన పోతే ఇంత కంగారు పడేవాణ్ణి కాదేమో. మా ఆవిడ నా మేనత్త కూతురు. ఆనందపురం అవతల పూలు పండించే ఇంట్లో పుట్టింది. తెల్లారకముందే మూటలు కట్టి పూల మార్కెట్టుకి పంపే ఇల్లది. మూట విప్పకుండానే లోపల బంతి ఉందో చామంతి ఉందో, నిన్న సాయంత్రం కోసినవో అప్పుడే కోసినవో వాసన చూసి చెప్పేసేదట. ఎవరి పొలంలోవో కూడా చెప్పేదని నేను పదిమందిలో కలుపుతాను. ఆవిడ పక్కనుంటే “అంత నేదు” అని తీసేస్తుంది.

చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మందులేమీ లేవన్నాడు. పొద్దునా సాయంత్రం కళ్లు మూసుకుని, బాగా తెలిసిన ఘాటైన వాసన ఒకటి పీల్చాలట. నిమ్మకాయో లవంగమో ఏదైనా సరే. అది ఇదివరకు ఎలా ఉండేదో తలుచుకుంటూ పీల్చాలి. అలా చేస్తూ పోతే ముక్కు మెల్లగా గుర్తు తెచ్చుకుంటుంది. నెలలు పడుతుంది. అసలు రాకపోనూవచ్చు.

వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ అంది: “లవంగం ఎలగుంటాదో తలుసుకుని ఏటి సేత్తాను బావా? నాకు బాగా గురుతున్నది గంధరాజం.”

మా వీధిలో మగాళ్లందరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పుట్టుకతో ఆ హక్కున్నది మాత్రం ఈవిడ ఒక్కదానికే. అందుకే ఈవిడ బావా అన్నప్పుడు నాకు వెంటనే వినపడుతుంది.

“మీ పెరట్లో ఉండీదే, అదా?” అన్నాను.

“అదే. నూతి పక్కన. మా నాయిన దాన్ని ఎప్పుడూ మార్కెట్టుకి అట్టుకెల్లనేదు. సెయ్యి తగిల్తే సాలు, రేకు మీద ఏలి గురుతు పడిపోద్ది. మర్నాటికి పసుపైపోద్ది. ఎవుడు కొంటాడు? అమ్మకానికి పనికిరాని పువ్వు, అందుకని ఇంట్లో ఆడోళ్లకి మిగిలీది.”

కడియం నుంచి మొక్కలు వేసుకుని వచ్చే వ్యాను మా రోడ్డు చివర ఆగుతుంది. ఉన్న గంధరాజాల్లో మొగ్గలు నిండుగా ఉన్నది ఏరి తెచ్చాను. మేడ మీద పెద్ద కుండీలో పెట్టి, ఇంకొన్నాళ్లలో ఇల్లంతా పూలే అని ప్రకటించాను. అన్నట్టే ఇల్లంతా అయ్యాయి, మొగ్గలు, నేల మీద. ఒక్కటి విచ్చలేదు. పొద్దున్నే మేడ ఎక్కితే కుండీ చుట్టూ ఆకుపచ్చ మొగ్గలు, ఎవరో గిల్లి పారేసినట్టు. చోటు మార్చితే ఈ మొక్క అలుగుతుందట. మొగ్గలున్న మొక్క కొనకూడదట. కొన్నాక తెలిసింది.

తరువాత ఆకులు పాలిపోవడం మొదలైంది. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్యంతా పసుపు. ఫోనులో మొక్కల వీడియోలు చూశాను. ఇనుము తక్కువైతే ఇలా అవుతుందన్నారు.

గట్టిగా నవ్వేశాను. ఇనుము తక్కువా? ఎవరింట్లో? జీవితమంతా స్టీలుప్లాంటులో పని చేసినవాడి ఇంట్లోనా? ఫర్నేసుని నా చేతుల మీదుగా నడిపేవాణ్ణని చాలామందికి చెప్పాను. నడిపినవాళ్లు వేరు. నేను లారీలు తూచే కాటా దగ్గర కూర్చునేవాణ్ణి. అయినా సరే, ఇనుము సంగతి నాకు ఒక వీడియో చెప్పాలా?

మేడ మీద గది వేసినప్పుడు ఇసుకకి బదులు వాడిన మా ప్లాంటు స్లాగు కొంత మిగిలి, బస్తాలో మెట్ల కింద పడి ఉంది. దోసిళ్లతో ఎత్తి కుండీలో కలిపాను. ఒక పట్టు పట్టమని మొక్కతో అన్నాను కూడా. నెల తిరక్కుండా ఆకులు నిమ్మకాయ రంగు దాటి కాగితం రంగుకి వచ్చేశాయి. అంచులు మాడిపోయాయి.

మా ఆవిడ మేడెక్కి చూసింది. “ఏటేసినావు బావా దీనికి?”

“స్లాగు. ఇనుముకని.”

 ఆవిడ మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

“స్లాగులో ఇనుమెక్కడుంటాది? ఇనుమంతా తీసీసుకున్నాక పైన తేలిందే స్లాగని పెళ్లైన కొత్తలో నువ్వే కదేటి రోజూ పాటం సెప్పినావు! నాను కూర కలుపుతంటే కూడా సెప్పినావు! అందులో సున్నమే ఎక్కువని కూడా సెప్పినావు!”

 అన్నేళ్ల ఉద్యోగంలో నాకు కచ్చితంగా తెలిసిన సంగతి అదొక్కటే. లారీలకు లారీలు దాన్ని తూచి పంపాను. ఇనుము కావాల్సిన మొక్కకి, ఇనుము తీసేయగా మిగిలినదాన్ని నా చేతులతో నేనే పెట్టాను. పైగా గంధరాజానికి పుల్లటి మట్టి కావాలి, సున్నం పడితే మట్టిలో ఉన్న ఇనుమును కూడా తీసుకోలేదు. అక్కడే నిలబడి నా అరచేతులు చూసుకున్నాను. చాలా రోజుల తరువాత ఆవిడ అంతలా నవ్విందన్న మాట మాత్రం నిజం.

మొక్కను పెకలించి వేళ్లు కడిగాను. కొత్తగా ఎర్రమట్టి, ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపాను. వాళ్ల నాన్న నారుమడి పాలిపోతే అన్నభేదిలో కాస్త నిమ్మఉప్పు వేసి పిచికారీ చేసేవాడని ఆవిడ చెప్పింది. ఎరువుల కొట్టులో అన్నభేది అడిగితే లేత పచ్చరంగు పలుకులు పొట్లం కట్టి ఇచ్చాడు. అసలైన ఇనుము అందులో ఉంది. ఇన్నేళ్లలో ఇనుము పచ్చగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇక నీళ్లు. మా బోరు నీళ్లు బకెట్టు అంచున తెల్లటి పొర కడతాయి. అవి పోస్తే మళ్లీ సున్నం పోసినట్టే. పక్కింటాయన ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు మంచివని తెలిసి, దాని కింద బకెట్టు పెట్టాను. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఏసీ కొన్నాడే కానీ వేసుకోవడానికి చేతులు రావు. సాయంత్రం కాగానే నేను గోడ మీంచి మొదలుపెట్టేవాణ్ణి.

“బావా, ఉక్కగా ఉన్నాది. ఏసీ ఏసుకో.”

“నాకు సల్లగానే ఉన్నాది.”

“నీకు సలేటి? సెమటలు కారిపోతన్నాయి.”

“కరెంటు బిల్లు నువ్వు కడతావేటి?”

“మా ఆవిడ ముక్కు కోసం బావా.”

 ముక్కుకీ ఏసీకీ సంబంధమేమిటో అడగకుండా లోపలికి వెళ్లి రిమోటు నొక్కాడు.

పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రోజుల్లో ఆకుల మీద నల్లటి ధూళి పేరుకుంటుంది. తడిగుడ్డతో ఆకాకూ తుడిచే పని నాదే. ఇంటిని కూడా అలా తుడవలేదని ఆవిడ ఎత్తిపొడుపు.

తరువాతి ఎండాకాలం మొదట్లో మొగ్గలు వచ్చి, ఈసారి రాలకుండా నిలిచాయి. పొద్దున నేను మేడెక్కేసరికి ఒకటి విచ్చి ఉంది. అంత తెలుపు చూడలేదు. రేకుల మీద మైనం పూసినట్టు మెరుపు. మెట్లు దూకుతూ దిగానని అందరికీ చెప్పాను. గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగాను. ఆవిడను పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ముట్టుకుంటే మరక పడుతుంది కాబట్టి పువ్వును ఆవిడ చేతికివ్వలేదు. తొడిమ పట్టుకుని నేనే ముక్కు దగ్గర పెట్టాను. డాక్టరు చెప్పినట్టు ఆవిడ కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది.

ముఖం ముడుచుకుపోయింది. మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి.

“ఏటైనా తెలుత్తందా?” అన్నాను. నా చెయ్యి వణుకుతోంది.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరువాత మెల్లగా అంది: “మా నూతికాడ పూసినట్టే ఉన్నాది బావా.”

ఆ రోజు నేను మనిషిని కాదు. ముందు పక్కింటాయనకి చెప్పాను, తరువాత పకోడీల బండికి, తరువాత వీధికి. గంధరాజం వైద్యం అన్నాను. డాక్టరు ఆశ్చర్యపోయి నా ఫోను నంబరు రాసుకున్నాడన్నాను. డాక్టరుకి నేను చెప్పనే లేదు, అటు వైపు వెళ్లనే లేదు. నయమైపోయాక డాక్టరెందుకు?

అప్పటిదాకా ఇంట్లో ముక్కు ఉద్యోగం నాదిగా ఉండేది. పాలు వాసన చూడటం, పెరుగు చూడటం, పొయ్యి కట్టాక రెగ్యులేటరు తిప్పారా లేదా చూడటం. ఆ పొద్దుతో ఉద్యోగం ఆవిడకి తిరిగి అప్పజెప్పేసి హాయిగా పేపరు చదువుకోవడం మొదలుపెట్టాను.

వానలు పడే దాకా మా పొద్దులన్నీ అలాగే గడిచాయి. ఆవిడ కుర్చీలో, నేను తొడిమ పట్టుకుని. రోజూ కళ్లు మూసుకునేది, పీల్చేది, నీళ్లు పెట్టుకునేది, బాగున్నాది అనేది. ఆ కన్నీళ్ల గురించి కూడా నేను వీధిలో చెప్పాను. సంతోషంతో అన్నాను.

వానల్లో పూలు పలచబడ్డాయి. ఒక పొద్దున ఒక్కటీ విచ్చలేదు. ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. పక్కింటి గేటు దగ్గర ముద్ద నందివర్ధనం చెట్టుంది. దూరం నుంచి చూస్తే ఆ పువ్వూ గంధరాజంలాగే ఉంటుంది, తెల్లగా, రేకు మీద రేకు. వాసన మాత్రం ఉందంటే ఉంది, లేదంటే లేదు. నాకు చిలిపి బుద్ధి పుట్టింది. ఒక పువ్వు తెంపుకొచ్చాను. ఆనందపురం ఆడమనిషికి నందివర్ధనం పెడితే ఎన్ని తిట్లు పడతాయో చూద్దామని. నవ్వు ఆపుకుంటూ, తొడిమ పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టాను.

ఆవిడ పీల్చింది. ముఖం విప్పారింది.

“అబ్బ! ఇయ్యాల పేణం లెగిసొచ్చినాది బావా!”

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సరదాకి అంటోందేమో అనుకుని కళ్లవైపు చూశాను. మూసే ఉన్నాయి. కన్నీళ్లు లేవు. పెదాల మీద నిజమైన చిరునవ్వు. పువ్వును జేబులో కుక్కేసుకున్నాను.

ఆ రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను: నందివర్ధనానికీ లేశమంత వాసన ఉంటుంది, ఈవిడ ముక్కు అంత పదునెక్కిందేమో. మర్నాడు గంధరాజం పూసింది. పువ్వును చెట్టునే వదిలేసి, ఉత్త చెయ్యి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. రెండు వేళ్లూ తొడిమ పట్టుకున్నట్టే పెట్టి.

గుండె నిండా పీల్చింది. “ఇయ్యాలా బాగున్నాది,” అంది.

ఖాళీ వేళ్లు అలాగే గాలిలో ఉండిపోయాయి. ఆవిడ కళ్లు తెరవకముందే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇన్నాళ్లూ ఏమీ లేదన్నమాట. వీధంతా నేను చాటిన వైద్యం, ఆ నూతి పక్క పువ్వు, ఆ కన్నీళ్లు, ఏదీ లేదు. ఆవిడ కిందికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చుండిపోయాను. ఎంతసేపో చెప్పలేను.

దిగుతుంటే సగం మెట్ల మీద నా ముక్కుకి తగిలింది. గ్యాసు.

ఈసారి నిజంగానే దూకాను. మోకాలికి తగిలిన దెబ్బ ఇప్పటికీ ఉంది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. బర్నరు సుయ్‌మని కూస్తోంది. మూడడుగుల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి, పీట మీద కూర్చుని మా ఆవిడ గోంగూర ఆకులు తుంచుతోంది. కూనిరాగం కూడా తీస్తోంది. దేవుడి దగ్గర దీపం పెట్టే వేళ అది, అగ్గిపెట్టె పక్కనే ఉంది.

రెగ్యులేటరు కట్టేశాను. కిటికీ తలుపులు బార్లా తీశాను. మోకాలు పట్టుకుని నేల మీదే కూర్చున్నాను. ఆవిడ చేతిలో గోంగూర కాడతో నా వైపు, పొయ్యి వైపు మార్చి మార్చి చూసింది.

“నీకు తెలీనేదా?” అన్నాను.

“తెలీనేదు,” అంది. ముఖం పాలిపోయింది.

“గ్యాసు తెలీనేదు. మరి రోజూ పైన నీకు తెలుత్తన్నదేటి?”

 నాకు కోపం వచ్చింది, భయం నుంచి వచ్చిన కోపం. “నిన్న నీ ముక్కు కాడ ఎట్టింది నందివర్ధనం. ఇయ్యాల అదీ నేదు. ఉత్త సెయ్యి. బాగున్నాదన్నావు!”

“ఉత్త సెయ్యా?” లేచి నిలబడింది. ఒళ్లోని గోంగూరంతా నేల మీద పడింది. “నాను కళ్లు మూసుకుంటే నువ్వు ఉత్త సెయ్యెట్టినావా?” అని, వెంటనే ఏదో తట్టినట్టు ఆగిపోయింది. “అందుకే గావాల. నిన్నా ఇయ్యాలా కంపు కొట్టనేదు.”

“కంపేటి?”

ఆవిడ పీట మీద మళ్లీ కూర్చుంది. నా వైపు చూడకుండా, పడిన ఆకులు ఏరుకుంటూ చెప్పింది. “తొలి పువ్వు కాణ్ణించీ అంతే. కాలిన టైరు కంపు. టైరుకి కుళ్లిన ఉల్లిపాయ రాసినట్టు. ముక్కు కాడికి రాగానే కడుపులో తిప్పీసి, కళ్లమ్మట నీళ్లొచ్చీసీవి. నిన్నా ఇయ్యాలా ఆ బాధ నేకపోతే పేణానికి హాయిగా ఉన్నాది, అదే అన్నాను.”

నేను ఇన్నేళ్లలో చాలా మాటలు అని చాలామందిని నోరెళ్లబెట్టేలా చేశాను. నా నోరు వెళ్లబెట్టించినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఎండాకాలమంతా, ఆ పైన వానల్లోనూ, రోజూ పొద్దున్నే ఆవిడ ముక్కు దగ్గర నేను కాలిన టైరు పెట్టి, కళ్లలో నీళ్లు తెప్పించి, ఆ నీళ్లను వీధిలో గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

“మరి నూతికాడ పువ్వులాగున్నాదని ఎందుకన్నావే?”

“ఏటి సెప్పమంటావు? ఊరోళ్ల ఏసీ నీళ్లు మోసినావు. సంటిపిల్లకి మూతి తుడిసినట్టు ఆకులు తుడిసినావు. సెయ్యి వణుకుతా పువ్వట్టుకుని నిలబడ్డావు. టైరు కంపు కొడతందంటే ఏడుత్తావని.”

“నానేడుత్తానా?”

“ఏడవ్వా?”

నేను కూడా కింద పడ్డ ఆకులు ఏరడం మొదలుపెట్టాను.

“అయినా జల్మంతా నువ్వు కోత్తానే ఉన్నావు కోతలు. ఎవుడూ సగం నమ్మడు. నాను ఒక్కటి కోత్తే ఈదంతా నమ్మీసినారు, నువ్వు కూడా నమ్మీసినావు,” అంది. ఆ మాటలో కాస్త గర్వం కూడా వినపడింది నాకు.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్లాం. నేను జరిగినదంతా పెంచకుండా చెప్పాను, మొదటిసారి కాబట్టి తడబడ్డాను. ఆయన ఆవిడను అడిగాడు, నిమ్మకాయకీ అలాగే ఉందా అని. లేదంది, నిమ్మకాయకి అసలేమీ లేదు, గంధరాజానికే కంపు. ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఏమీ తెలియకపోవడం కంటే తప్పుగా తెలియడం మేలన్నాడు. ముక్కు మళ్లీ పని నేర్చుకునేటప్పుడు చాలామందికి ఇలా మంచి వాసనలే చెడ్డగా వస్తాయట. ఆ సంగతి వెంటనే చెప్పాల్సింది కదా అన్నాడు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. భరించలేకపోతే గంధరాజం మానేసి వేరే వాసన పట్టుకోమన్నాడు. గ్యాసు విషయంలో మాత్రం చాలా కోప్పడ్డాడు. వంటింట్లో గ్యాసు పసిగట్టి అరిచే చిన్న పెట్టె ఒకటి గోడకి పెట్టించాం. అది పోపు పెట్టినా అరుస్తుంది.

మొక్కను ఎవరికైనా ఇచ్చేద్దామన్నాను. నా చేతులతో ఆ పువ్వు మళ్లీ ఆవిడకి పెట్టలేననిపించింది.

“ఇచ్చీడానికి అదేటి నీ మొక్కా?” అంది. “నాకు తెలిసింది అదొక్కటే. టైరు కంపు కొట్టనీ, ఏదైనా కొట్టనీ. నానే సూసుకుంటాను. కానీ ఇంక కళ్లు మూసుకోను. నీ సేతిలో ఏటున్నాదో సూసుకునే పీలుత్తాను.”

ఈ ఎండాకాలం మళ్లీ పూసింది. ఇప్పుడు మా మేడ మీద పొద్దున్నే వినపడేవన్నీ తిట్లే. పువ్వు దగ్గరికి రాగానే “సీ, సచ్చిన ఎలక!” అంటుంది, “ఏటిది, రబ్బరు ఫేక్టరీయా?” అంటుంది. రైల్వే బావ గోడ మీంచి తల పెట్టి, గొడవలేమిటని అడుగుతాడు. నేను తొడిమ పట్టుకుని నిలబడి, ఆ తిట్లన్నీ నాకే అన్నట్టు తలదించుకుంటాను. వంటింట్లో ముక్కు ఉద్యోగం మళ్లీ నాది.

మొన్న పొద్దున మాత్రం పీల్చి, తిట్టలేదు. కనుబొమలు దగ్గరికి తెచ్చుకుని ఇంకోసారి పీల్చింది. ఇంకోసారి. ఏమిటన్నాను. మాట్లాడొద్దని చెయ్యి చూపించింది. ఆ చెయ్యి అలా గాల్లో ఉండగానే నేను మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాను. ఆగలేకపోయాను. రైల్వే బావ గేటు దగ్గర పాలప్యాకెట్టుతో నిలబడి ఉన్నాడు.

“వచ్చీసినాది బావా!” అన్నాను. “మొత్తం వచ్చీసినాది. నూతికాడ పువ్వు వాసన!”

పైనుంచి పిట్టగోడ మీదికి సగం వంగి ఆవిడ అరిచింది. వీధంతా తలెత్తి చూసింది.

“రానేదు! నమ్మకండి! ఇంకా టైరు కంపే! దాని ఎనకాల ఇంకోటేదో ఉన్నాది, అదేటో నాకింకా తెల్దు. తెలిసినప్పుడు నానే సెప్తాను. నువ్వు సెప్పకు!”